మీకు తెలుసా? పప్పులోంచి విటమిన్!

ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం నుంచి మన కాలేయం నియాసిన్‌ను, అంటే బి3 విటమిన్‌ను, తయారు చేసుకుంటుంది. దాదాపు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు 1 మిల్లీగ్రాము నియాసిన్ లెక్క. ట్రిప్టోఫాన్‌ను మాత్రం శరీరం సొంతంగా చేసుకోలేదు. పప్పులు, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగల వంటి ఆహారం నుంచే రావాలి. నిద్రకు సాయపడే మెలటోనిన్‌కూ ఇదే ముడిసరుకు.

ట్రిప్టోఫాన్, నియాసిన్ రెండూ కొరవడితే పెల్లాగ్రా వస్తుంది. ఎండ తగిలే మెడ, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులుగా లేస్తుంది. విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చెదురుతుంది. మొక్కజొన్న తినేవారి జబ్బుగా పేరుపడిన ఇది తెలంగాణలో జొన్నలే ఆధారమైన పేదల్లోనూ కనిపించింది. జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇందుకు కారణం కావచ్చని హైదరాబాద్‌లో పనిచేసిన పోషకాహార శాస్త్రవేత్త సి.గోపాలన్, ఆయన సహచరుడు 1960లో సూచించారు.

జొన్నరొట్టె మానక్కర్లేదు. పక్కన పప్పో, గుడ్డో, గ్లాసెడు పాలో తప్పకుండా ఉండేలా చూసుకోండి.