పాతయింటి దూలము

హైదరాబాదు నగరమునకు ఆగ్నేయ దిశయందు నాదర్‌గుల్ కలదు. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరులను దాటి నగరము ఈ ఊరివరకు పెరిగినది. పొలములనేకము ఇండ్ల స్థలములైనవి. ఇట్టి ఊళ్లయందు తాతలనాటి పెంకుటింటిని పడగొట్టి ఆ స్థలముననే క్రొత్త యిల్లు కట్టుకొనుట సామాన్యము. యంత్రము వచ్చి ఒక్క పూటలో గోడలను కూల్చును. టేకు దూలములు చవుక బేరమునకు పోవును. రాళ్లును మట్టియు లారీలకెక్కి ఏ చెరువు శిఖములోనో పడును. నెల తిరుగకుండగనే ఆ కుటుంబమే కలపకును ఇటుకకును అప్పుచేయును. పారవేసిన వస్తువుల విలువ ముందుగా తెలిసియున్నచో ఆ అప్పు కొంత తగ్గును.

ఈ ప్రాంతము గ్రానైటు శిలల సీమ. ఈ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అవి ఎండకు, వానకు శిథిలమై ఎఱ్ఱని చెలక మట్టిగా మారినవి. కావున పూర్వులు పునాదికి రాతిని, గోడకు మట్టిని వాడిరి, రెండును ఊరిలోనివే. గోడను మూరెడు మందమునకు తక్కువ గాకుండ పెట్టుటచే, పగటి యెండ వేడిమి లోపలికి చేరుసరికి ప్రొద్దు వాలును. ఈ మట్టికి మరియొక గుణము కలదు. కాల్చిన ఇటుకను మరల మట్టిగా మార్చుట ఎవరి తరమును గాదు. పచ్చిమట్టి గోడ యట్లు కాదు. కూలిన పిదప ఆ మట్టిని నానవైచి, వరిగడ్డి ముక్కలు కలిపి, త్రొక్కి, మరల గోడగా పెట్టవచ్చును. చెదలు పట్టిన మట్టిని, చవుడు పేరిన మట్టిని మాత్రము విడువవలెను.

పాత గోడలకు డంగు సున్నము పూసెడివారు. సున్నపురాతిని బట్టీలో కాల్చినపుడు దానినుండి బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. దానిని నీటితో విరియించి, ఇసుక కలిపి, గానుగలో నూరి గోడకు పూయుదురు. ఆ సున్నము గాలినుండి ఆ వాయువునే మెల్లమెల్లగా గ్రహించి తిరిగి రాయియగును. 1591లో కట్టిన చార్మినారు గ్రానైటుతోను, సున్నముతోను నిలిచియున్నది. ఇటీవల మట్టిగోడ మీద సిమెంటు పూయించువారు కలరు. ఇది చూపునకు గట్టిపని. నిజమునకు గోడకు చేటు. నేలలోని తేమ గోడలోనికి ప్రాకును. సున్నపు పూతగుండ ఆ తేమ గాలిలోనికి పోగలదు. సిమెంటు దానిని లోపలనే బంధించును. కొన్ని వానకాలములు గడచుసరికి పూత ఉబ్బి, మట్టి పెచ్చులతో కూడ ఊడిపడును.

ఇక కలప. పచ్చికలప ఆరునపుడు వంగును, చీలును. ఏబదియేండ్లు ఇంటిపైన నున్న టేకు దూలము ఎన్నడో ఆరిపోయినది, ఇక వంగదు. అయినను కన్నులు మూసికొని కొనరాదు. సుత్తితో తట్టి చూడవలెను. డొల్ల మ్రోత వినిపించినచో లోపల చెదలు తినివేసినవని అర్థము. గోడలో ఇమిడియున్న కొనలే ముందుగా పుచ్చును గనుక వాటిని కోసివేయుట మేలు. మేకులు పెరికిన పిదపనే ఱంపమునకు ఈయవలెను. సాధారణముగా వడ్రంగి గోడకు తగిన తలుపు చేయును; పాత ద్వారబంధము దొరికినపుడు తలుపునకు తగిన గోడ కట్టవలెను. అనగా సామగ్రి చేతికి వచ్చిన తరువాతనే కొలతలు వ్రాసికొనవలెను. ఈ క్రమము తెలియక, నిలువెత్తు చెక్కడపు తలుపులను కోసి పొట్టిచేసినవారును కలరు! త్రుప్పుపట్టి వంగిన ఇనుపకడ్డీలను మాత్రము, ఎంత చవుకయైనను, పైకప్పునకు వాడరాదు. అది ఇంటిల్లిపాది ప్రాణములతో చెలగాటమాడుట.

ఈ విధమైన నిర్మాణమునకు మన దేశమున గౌరవము తెచ్చినవారిలో లారీ బేకర్ ముఖ్యుడు. 1917లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్‌లో జన్మించిన ఈ వాస్తుశిల్పి బొంబాయిలో గాంధీమహాత్ముని కలిసికొనెను. ఐదుమైళ్ల లోపల దొరకు వస్తువులతో కట్టినదే ఆదర్శగృహమని మహాత్ముడు చెప్పిన మాట ఆయనకు జీవితాంతము మార్గమైనది. తిరువనంతపురమున తాను నివసించిన ఇంటికి ఆయన కూలిన ఇండ్ల కలపను వాడుకొనెను. ఇటుకలను అంచుపై నిలిపి, నడుమ ఖాళీ విడిచి కట్టు పద్ధతిని ప్రచారము చేసెను. దానివలన సుమారు నాలుగింట ఒకవంతు ఇటుక మిగులును. పాత పెంకులను కాంక్రీటు కప్పులో ఇమిడ్చి సిమెంటు ఖర్చును తగ్గించెను. ఆయన 2007లో మరణించెను.

నాదర్‌గుల్‌లో ఈ ఐదుమైళ్ల నియమము రాతికి, మట్టికి సరిపోవును గాని నేలపై పరచు నాపరాతికి సరిపోదు. అది నూరు కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న తాండూరునుండి రావలెను. పాతయింటి నాపరాళ్లను నునుపుచేసి మరల పరచినచో ఆ ప్రయాణము తప్పును. ఇంటివారికి బొత్తిగా పనికిరాని శకలములకును దారి కలదు. ఎల్.బి.నగరుకు సమీపమున ఫతుల్లాగూడలో 2021లో ఒక కర్మాగారము ప్రారంభమైనది. దినమునకు 500 టన్నుల శిథిలములను నలుగగొట్టి కంకర, ఇసుక, బాటలకు పరచు ఇటుకలు చేయు శక్తి దానికి కలదు.

అయితే ఇంటిని చేతులతో విప్పుటకు యంత్రముకంటె ఎక్కువ దినములు పట్టును, కూలియు ఎక్కువే. దక్కిన సామగ్రి విలువ ఆ కూలిని మించునో లేదో ముందే లెక్క చూచుకొనవలెను. అన్ని ఇండ్ల విషయమునను మించదు. విప్పువారు మొదట పెంకులను దింపుదురు. పిమ్మట వాసములు, దూలములు, చివరకు ద్వారబంధములు దిగును. విడిన ప్రతి ముక్కకును సుద్దతో అంకె వేయుదురు. శ్రీశైలము జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమున మరల నిలిపినపుడు, శిల్పులు రాతిరాతికి ఇట్లే అంకెలు వేసిరి.