మీకు తెలుసా? బాంబర్ల మీద హైదరాబాద్ పేరు

1918లో ఫ్రాన్స్ నుంచి జర్మనీ మీదికి బాంబులు మోసుకెళ్లిన బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్ తొలి విమానాలు హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుక. అందుకే అది 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అయింది. పైకప్పు లేని కాక్‌పిట్‌లో ముందు పైలట్, వెనక మెషిన్‌గన్ పట్టుకుని పరిశీలకుడు కూర్చుని పట్టపగలే దాడులకు వెళ్లేవారు. చాలామంది తిరిగి రాలేదు.

ఎక్కడో ఐరోపాలో జరిగిన యుద్ధంతో మనకేం సంబంధమని కొట్టిపారేయడం తేలికే. కానీ నిజాం రాబడిలో పెద్ద పాలు భూమిశిస్తు. అంటే ఆ రెక్కల వెనక తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతుల కష్టార్జితం ఉంది. కానుక ఇచ్చిన చేతిని తలుచుకున్నప్పుడు, శిస్తు కట్టిన చేతుల్నీ తలుచుకోవడం న్యాయం. 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కిన ఈ స్క్వాడ్రన్ విమానం 'ఎఫ్1010' ఇప్పటికీ బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సేకరణలో ఉంది. దాని మీద 'హైదరాబాద్ నం. 12ఎ' అని రాసి ఉంటుంది.