కోట సరే... దారి ఎవరు వేశారు?

1955 జూలై 17, ఆదివారం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్ ఊరు. నారింజతోటలు కొట్టేసి, ఏడాదిలో హడావిడిగా కట్టిన డిస్నీలాండ్ తలుపులు తెరుచుకున్న రోజు. ఎండ నిప్పులు చెరుగుతోంది. పిలిచినవాళ్ళు, పిలవనివాళ్ళు, దొంగ టిక్కెట్లు కొనుక్కున్నవాళ్ళు అంతా కలిసి దాదాపు 28 వేలమంది వచ్చి పడ్డారు.

ఆ రోజుల్లో అమెరికా ఆడవాళ్ళు పార్కుకి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినట్టే ముస్తాబయ్యేవారు. మంచి గౌను, తలమీద టోపీ, కాళ్ళకి ఎత్తుమడమల చెప్పులు. పార్కులో కొన్ని దారులకి తారు వేయడం చివరిక్షణం దాకా సాగింది. అది ఇంకా ఆరలేదు. పైన ఎండ, కింద మెత్తటి తారు. అడుగు వేస్తే మడమ సర్రున దిగబడింది. పాదం బయటికొచ్చినా చెప్పు రానంది! కథలో సిండ్రెల్లాకి ఒక్క చెప్పే జారిపోయింది. ఇక్కడ ఎంతమందివో!

అదేరోజు ఇంకో ముచ్చట కూడా జరిగింది. ప్లంబర్ల సమ్మె వల్ల టాయిలెట్లూ, తాగునీటి కుళాయిలూ రెండూ పూర్తిచేసే వ్యవధి లేకపోయింది. ఏదో ఒకటే అవుతుందన్నారట. వాల్ట్ డిస్నీ టాయిలెట్లకే ఓటు వేశాడు. నీళ్ళు దొరక్క జనం నానా మాటలూ అన్నారు గానీ, పిల్లల్ని వెంటేసుకుని ఊళ్ళు తిరిగిన ఏ తల్లిని అడిగినా ఆయన నిర్ణయం సబబే అంటుంది. దాహానికి డబ్బిస్తే ఏదో ఒకటి దొరుకుతుంది. రెండోదానికి ఏం చేస్తాం చెప్పండి?

కోటీ డెబ్భై లక్షల డాలర్లు పోసి కట్టిన పార్కు అది. కోట, రైలు, పడవలు, గుర్రబ్బళ్ళు అన్నీ ఉన్నాయి. ఆ రోజు పార్కుకి మొదటి పరీక్ష పెట్టింది మాత్రం ఆడవాళ్ళ మడమలే. వినోదాల పార్కు అనగానే మనకి రంగులరాట్నమే గుర్తొస్తుంది. కానీ పొద్దుట్నుంచి రాత్రి దాకా అక్కడ మనం చేసే పని ఒక్కటే, నడవడం. ఆ నడిచే దారిని ఎవరు ఆలోచించి వేశారన్నది మాత్రం ఎవరూ అడగరు.

నాలుగు నెలల ముందు వచ్చినావిడ

ఆవిడ పేరు రూత్ షెల్‌హార్న్. 1909లో లాస్ ఏంజిల్స్‌లో పుట్టారు. తోటలనూ, ఆరుబయలు స్థలాలనూ తీర్చిదిద్దే విద్య చదువుకున్నారు. అప్పటికే కాలిఫోర్నియాలో బుల్లక్స్ అనే పెద్ద బట్టల దుకాణాల ఆవరణలు డిజైన్ చేసి పేరు తెచ్చుకున్నారు. కొనుగోళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు కారు దిగి, చెట్టునీడన నడిచి, విసుగు లేకుండా లోపలికి వెళ్ళేట్టు చేయడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి.

డిస్నీలాండ్ తెరవడానికి నాలుగు నెలల ముందు, 1955 మార్చిలో, వెల్టన్ బెకెట్ అనే ఆర్కిటెక్టు సిఫార్సుతో ఆవిడని పిలిపించారు. ఒక్కో విభాగాన్నీ ఒక్కో బృందం తనకి తోచినట్టు కట్టుకుపోతోంది. కౌబాయ్‌ల ఊరు ఒకరిది, అడవి ఒకరిది, రేపటి ప్రపంచం ఇంకొకరిది. గదులన్నీ అద్భుతంగా కట్టి మధ్యలో వసారా సంగతి మరిచిపోయిన ఇల్లులా ఉందన్నమాట పరిస్థితి. వీటన్నిటినీ కలిపి జనం ఎటునుంచి వచ్చి ఎటు మళ్ళాలో చూపే నడకదారుల నమూనా తయారుచేయడం రూత్ వంతయింది. ముఖద్వారం దగ్గరి టౌన్ స్క్వేర్, అక్కణ్ణుంచి సాగే మెయిన్ స్ట్రీట్, కోటముందు గుండ్రటి మైదానం, అక్కణ్ణుంచి ఒక్కో లోకంలోకి తీసుకెళ్ళే ద్వారాలు... వీటిలో ఆవిడ చెయ్యి ఉంది.

వాల్ట్ డిస్నీ పేరు ప్రపంచమంతా మోగింది. రూత్ పేరు ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీలేదు. కార్నెల్ యూనివర్సిటీలో ఆవిడ చదువు 1933లో, ఆర్థికమాంద్యం రోజుల్లో, డిగ్రీ చేతికి రాకుండానే ఆగిపోయింది. ఆ పట్టాలు యూనివర్సిటీవాళ్ళు 2005లో ఇచ్చారు. అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి. మరుసటేడు కన్నుమూశారు. కథలు రాసుకునేదాన్ని గనక నాకు ఇలాంటి చోట ఆగి ఆలోచించడం అలవాటు. కోట్లమంది నడిచిన దారికి నమూనా గీసినావిడ చేతికి పట్టా రావడానికి 72 ఏళ్ళు పట్టింది!

బండిచక్రం లెక్క

ఇంతకీ ఆ దారుల్లో ఉన్న తెలివేమిటంటే, బండిచక్రం ఊహించుకోండి. నడుమ కుంభం, చుట్టూ ఆకులు. డిస్నీలాండ్‌లో కోటముందు మైదానమే కుంభం. ఒక్కో ఆకూ ఒక్కో లోకంలోకి పోయే దారి. ఏ దారిన వెళ్ళినా మళ్ళీ నడిమికి రావచ్చు. మీకు అడవి చూడబుద్ధి కాకపోతే దాన్ని దాటుకుంటూ నడవక్కర్లేదు. పిల్లాడు తప్పిపోతే, మామగారు వెనకబడిపోతే, ‘కోట దగ్గరుండండి’ అంటే చాలు. మన తిరునాళ్ళలో ధ్వజస్తంభం దగ్గర కలుద్దామనుకోవడం లాంటిదే.

పార్కుకి ద్వారం ఒక్కటే ఉండాలన్నది వాల్ట్ డిస్నీ పట్టుదల. నలువైపులా గేట్లు పెడితే జనం ఎక్కడ ఉన్నదీ వాళ్ళకే తెలీదని ఆయన భావం. లోపలికి రాగానే వీధి చివర 77 అడుగుల ఎత్తున కోట కనిపిస్తుంది. చెయ్యిపట్టి లాక్కెళ్ళినట్టు కాళ్ళు అటే సాగుతాయి. కుక్కపిల్లకి సాసేజ్ ముక్క చూపించి ఎటు కావాలంటే అటు నడిపించినట్టేనని ఆయన ఆ కోటలాంటి వాటికి ముద్దుగా ‘వీనీ’ అని సాసేజ్ పేరే పెట్టాడు. మనల్ని కుక్కపిల్లలతో పోల్చాడని కోపం తెచ్చుకోకండి, పనిచేసే కిటుకు అది!

ఇంకోటి కూడా చెబుతారు. ఒకచోట జనం పూలమడి తొక్కుకుంటూ అడ్డంగా నడిచిపోతుంటే, కంచె వేద్దామన్నారట పనివాళ్ళు. వద్దు, వాళ్ళు నడిచినచోటే దారి వేయండి అన్నాడట డిస్నీ. మనవాళ్ళయితే ముళ్ళతీగ కట్టి, ‘ఇటు నడవరాదు’ అని బోర్డు పెట్టి, దాని పక్కన ఒక కాపలావాణ్ణి కూర్చోబెట్టేవారు.

ఫ్లోరిడాలో 1971లో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మరో అడుగు ముందుకేశారు. జనం నడిచే దారుల కింద పనివాళ్ళకి వేరే దారులు కట్టారు. చెత్త, సామాను, వేషాలు వేసుకున్నవాళ్ళు అంతా కిందనుంచే వెళ్ళిపోతారు. పెద్దిళ్ళకి దొడ్డిదారి ఉన్నట్టు!

బళ్ళు పెరిగాయి, దారి పెరగలేదు

మొదటి ఏడాది డిస్నీలాండ్‌కి వచ్చింది 36 లక్షలమంది. 2018 ఒక్క ఏడాదిలో కోటీ 86 లక్షలమంది వచ్చారని అంచనా. కోట మాత్రం అదే, మెయిన్ స్ట్రీట్ కూడా అదే. పైగా పిల్లల్ని తోసుకెళ్ళే బళ్ళు ఎంత పెద్దవయ్యాయో! ఇద్దరు పిల్లలు, నాలుగు సంచులు, అన్నిటికీ ఒకే బండి. వాటికి తోడు చక్రాల కుర్చీలు, పెద్దవాళ్ళ బ్యాటరీ స్కూటర్లు. గుంపులో అందరికన్నా నెమ్మదిగా కదిలేవాళ్ళ వేగమే గుంపు మొత్తం వేగమవుతుంది. ఒక తల్లి పిల్లాడి పాలసీసా కోసం బండి ఆపిందంటే వెనక యాభైమంది ఆగుతారు. అందులో ఆవిడ తప్పేముంది? ఆగడానికి పక్కన చోటుండాలిగా!

2019 మే 31న అక్కడ ‘స్టార్ వార్స్’ సినిమాల ఆధారంగా 14 ఎకరాల కొత్త లోకం తెరిచారు. అప్పటికే ఉన్న జనం ఊపిరాడనివ్వట్లేదు, ఇక ఆ వచ్చేవాళ్ళు ఎటు నడుస్తారు? అందుకని ముందుగానే ‘ప్రాజెక్ట్ స్టార్‌డస్ట్’ అని పేరుపెట్టి దారుల మరమ్మతుకి దిగారు. పేరు చూసి నక్షత్రాలు రాలుతాయేమో అనుకునేరు. చేసిందంతా మనం పండక్కి ఇల్లు సర్దినట్టే. అడ్డొస్తున్న పూలమడులు చిన్నవి చేశారు. పిల్లల బళ్ళు నిలిపే చోట్లని నడిచే దారినుంచి పక్కకి జరిపారు. మెయిన్ స్ట్రీట్‌లో పట్టాలూ, దారి అంచున ఉండే గట్లూ బాగుచేశారు. గుర్రపుట్రాము నడిచే పట్టాల సందులో చిన్నచక్రం ఇరుక్కుంటే ఏమవుతుందో బండి తోసినవాళ్ళకే తెలుస్తుంది. కోట మరమ్మతు కూడా అప్పుడే కావడంతో దాని నడుమనుంచి వెళ్ళే దారిని కొన్ని నెలలు మూసేశారు.

మే 1నుంచి కొత్త నిబంధన కూడా పెట్టారు. పిల్లల బండి వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటకూడదు. 31 అంగుళాలంటే మన స్నానాలగది తలుపుకన్నా ఒక అంగుళం ఎక్కువ, అంతే. తాడు కట్టి లాగే బళ్ళు అసలే వద్దన్నారు. లోపల పొగ తాగే చోట్లూ ఎత్తేశారు. ఈ చివరి దానికి మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

అక్కడ 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. దాని లెక్క ప్రకారం అంగుళం ఎత్తుకి కనీసం అడుగు పొడవున వాలు ఉండాలి. ఆరంగుళాల గట్టు ఎక్కాలంటే ఆరడుగుల వాలన్నమాట. మనదగ్గర ఎన్నో ఆస్పత్రుల ముందు కట్టే ర్యాంపులు చూడండి. కుర్చీలో కూర్చున్నవాళ్ళు వెనక్కి దొర్లిపోయేంత నిటారుగా ఉంటాయి. ఆ ఒక్క లెక్క గుర్తుపెట్టుకుని టేపు పట్టుకెళ్ళి కొలిస్తే మన ఊళ్ళో ఎన్ని నిలబడతాయో!

గట్టు తీసేస్తే కూర్చునేదెక్కడ?

దారి వెడల్పు చేయడం మంచిదే. కానీ నాకో అనుమానం. పూలమడి గట్టు అంటే పూలమడి గట్టు మాత్రమేనా? మోకాళ్ళు పట్టేసిన అమ్మమ్మకి అదే అరుగు. చంటిపిల్లాడికి పాలిచ్చే తల్లికి అదే చాటు. చెట్టు కొమ్మ నరికితే పోయేది ఆకులే కాదు, నీడ. జనం ఆగకుండా సాగిపోతేనే బాగుందనుకునేవాళ్ళకి కూర్చున్న మనిషి అడ్డంగానే కనిపిస్తుంది.

అమెరికాలో కూతురి పురిటికి వెళ్ళి ఆరునెలలుండి వచ్చిన మా పిన్నిని, ‘డిస్నీలాండ్ ఎలా ఉంది పిన్నీ?’ అంటే, “ఏం చెప్పనే, అన్నీ బావున్నాయి. మీ బాబాయి ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ చతికిలబడ్డారు. అల్లుడుగారేమో ‘రండి మావయ్యగారూ, ఇంకా సగం కూడా కాలేదు’ అంటాడు. నేను చూసిందల్లా బెంచీలే!” అంది. ఇప్పుడు మన తెలుగిళ్ళలో ఇలా వెళ్ళొచ్చే పెద్దవాళ్ళు ఎంతమందో. ఆ దారులు మనవీ అయిపోయాయి.

ఈ సంగతి అక్కడివాళ్ళకీ తట్టినట్టుంది. అదే పార్కులో 1993లో తెరిచిన మిక్కీస్ టూన్‌టౌన్ అనే చిన్నపిల్లల లోకాన్ని 2022 మార్చిలో మూసి, మళ్ళీ కట్టి, 2023 మార్చి 19న తెరిచారు. ఈసారి పచ్చిక వేశారు. చూడ్డానికి కాదు, కూర్చోవడానికి, దొర్లడానికి! చెట్లు నాటారు. ఒక చెట్టు వేళ్ళలా మలిచిన వాటిమీద పిల్లలు ఎక్కి, కిందనుంచి పాకుతూ ఆడుకోవచ్చు. గోల భరించలేని పిల్లల కోసం నెమ్మదైన మూలలు ఏర్పాటుచేశారు. 2019లో దారికోసం మడులు తగ్గించినవాళ్ళే, నాలుగేళ్ళు తిరిగేసరికి అలసినవాళ్ళకి పచ్చిక పరిచారు. రెండూ కావాల్సినవే. రెండోది ముందు తట్టుంటే ఇంకా బాగుండేది.

వెళ్ళబోయేవాళ్ళకి నాలుగు మాటలు

పిల్లల దగ్గరికి వెళ్తూ డిస్నీలాండ్ చూద్దామనుకుంటే పట్టుచీర పెట్టెలో పెట్టినా పెట్టకపోయినా, అలవాటైన మెత్తటి బూట్లు పెట్టుకోండి. కొత్తవి అక్కడే మొదటిసారి వేసుకోవద్దు. తారు ఇప్పుడు గట్టిగానే ఉంది గానీ పాదాలు మనవి కదా! మోకాళ్ళ నొప్పులుంటే మొహమాటపడకుండా చక్రాల కుర్చీ అడగండి. పార్కు ముంగిటే అద్దెకిస్తారు. మెయిన్ స్ట్రీట్ చివర, కోటకి ఇవతల, చంటిపిల్లల కోసం ప్రత్యేకంగా ఒక గది ఉంది. పాలివ్వడానికి, బట్టలు మార్చడానికి చోటుంటుంది. ఇక చంటిపిల్లతో ఒకరు బయట ఆగాల్సొస్తే, ‘రైడర్ స్విచ్’ అని ఒక పద్ధతి ఉంది. ముందు ఒకరు ఎక్కివచ్చాక పిల్లని వాళ్ళకి అప్పగించి, రెండోవారు మళ్ళీ పూర్తి క్యూలో నిలబడకుండా ఎక్కొచ్చు. క్యూ దగ్గరున్న ఉద్యోగిని ముందే అడగాలి. అలాంటప్పుడు బయట ఆగేది ఎప్పుడూ మీరే కాకుండా చూసుకోండి.