భుజానికి సరిపడే రైఫిల్

1942లో అమెరికా సైన్యానికి ఒక చిక్కు ఎదురైంది. పారాట్రూపర్లకు ఇవ్వడానికి ఎం1 కార్బైన్ అన్ని విధాలా అనువైన ఆయుధం. బరువు సుమారు రెండున్నర కిలోలే. కానీ పొడవు 90 సెంటీమీటర్లు. ఒంటి నిండా పట్టీలు, సంచులు బిగించుకుని ఇరుకైన విమానం తలుపులోంచి దూకేవాడికి ఆ పొడవే అడ్డం. బ్యారెల్‌ను కోసేస్తే తూటా వేగం తగ్గుతుంది. ఇక మిగిలింది వెనుక భాగం, అంటే భుజానికి ఆనించే బట్. ఇంజనీర్లు దాని చెక్కను తీసేసి, మడత బందు మీద తిరిగే లోహపు చట్రాన్ని అమర్చారు. చెంప ఆనే చోట తోలు ముక్క బిగించారు. మడిస్తే కార్బైన్ 65 సెంటీమీటర్లకు కుదించుకుపోయి, గుడ్డ ఒరలో నడుము పక్కన ఇమిడిపోయేది. ఎం1ఏ1 అనే ఈ రకం దాదాపు 1,40,000 తయారయ్యాయి. 1944 జూన్ 6న నార్మండీలో దిగిన పారాట్రూపర్లలో చాలామంది చేతిలో ఉన్నది ఇదే.

ఈ ఆలోచన అప్పటికే జర్మనీలో కార్యరూపం దాల్చింది. 1938 నాటి ఎంపీ 38 సబ్‌మెషిన్ గన్‌కు, దాని తర్వాత వచ్చిన ఎంపీ 40కి కిందికి మడిచే లోహపు బట్ ఉండేది. 83 సెంటీమీటర్ల ఎంపీ 40, మడిస్తే 63 అయ్యేది.

అంత ఇబ్బంది పెడుతుంటే బట్‌ను పూర్తిగా తీసేయొచ్చు కదా? కుదరదు. నాలుగు గ్రాముల తూటా సెకనుకు 900 మీటర్లకు మించిన వేగంతో ముందుకు వెళితే, మూడున్నర కిలోల రైఫిల్ సెకనుకు మీటరుకు పైగా వేగంతో వెనక్కి తంతుంది. ఇది న్యూటన్ మూడో నియమం. ఆ తాకిడిని భుజం మీద పరచి, ఒంటి బరువుతో ఆపేది బట్టే. కంటిని ప్రతిసారీ సైట్ల వెనుక ఒకే చోట నిలబెట్టేదీ అదే. అందుకే శతాబ్దాల పాటు దాన్ని అక్రోటు కలపతో కదలకుండా చేశారు. మడత బట్‌లు మొదట్లో ఈ విషయంలోనే వెనకబడ్డాయి. ఎం1ఏ1 బట్‌ను తెరిచాక గట్టిగా పట్టి ఉంచే తాళం లేదు. స్ప్రింగ్ ఒత్తిడే ఆధారం కావడంతో అది వదులుగా కదిలేది.

సోవియట్ సైన్యం 1949లో స్వీకరించిన కలాష్నికోవ్ రైఫిల్‌కు మొదటి నుంచీ మడత రకం కూడా ఉంది. ఎంపీ 40లాగే అదీ కిందికి మడుచుకునేది. 1970ల్లో వచ్చిన ఏకేఎస్-74లో త్రికోణాకారపు బట్ పక్కకు మడిచే పద్ధతికి మారింది. ఆ రైఫిల్‌లో వెనక్కి వచ్చే యంత్రభాగాన్ని తిరిగి ముందుకు నెట్టే స్ప్రింగ్, రిసీవర్ అనే మధ్యభాగపు పెట్టెలోనే ఉంటుంది. బట్‌లో పనిచేసే భాగమేదీ లేదు కాబట్టి మడవడానికి అభ్యంతరం లేదు.

యూజీన్ స్టోనర్ రూపకల్పనలోంచి పుట్టిన అమెరికా ఎం16 సంగతి వేరు. పాత రైఫిళ్లలో బట్ బ్యారెల్ కంటే దిగువకు వాలి ఉండేది. దెబ్బ పైన, ఆపు కింద కావడంతో పేల్చినప్పుడల్లా మూతి పైకి లేచేది. స్టోనర్ బట్‌ను బ్యారెల్‌తో ఒకే వరుసలోకి తెచ్చాడు. స్ప్రింగ్‌ను, దాని ముందుండే బఫర్ అనే బరువును బట్ లోపలి గొట్టంలో పెట్టాడు. మూతి ఎగరడం తగ్గింది. కానీ పేలిన ప్రతిసారీ యంత్రభాగం ఆ గొట్టంలోకి వెళ్లి రావాలి. దాన్ని మడిస్తే రైఫిల్ ఆగిపోతుంది.

వియత్నాం యుద్ధ కాలంలో కోల్ట్ కంపెనీ దీనికి దారి కనుక్కుంది. గొట్టాన్ని మడవకుండా పొట్టిది చేసి, దాని మీద బట్ ముందుకూ వెనక్కూ జరిగేలా చేసింది. కెమెరా స్టాండు కాలిలాగా లాగి, కావలసిన చోట ఆపుకోవచ్చు. ఇందుకు పైతొడుగు ఒక్కటే మారిస్తే చాలదు. గొట్టం పొట్టిదైతే స్ప్రింగ్ పొట్టిది కావాలి, బఫర్ కూడా మారాలి. ఈ మూడింటికీ పొత్తు కుదరకపోతే యంత్రభాగం రాకపోకల లయ తప్పుతుంది.

అప్పటికి ఇది ప్రత్యేక దళాల అవసరమే. 1980ల్లో ఎం16ఏ2 వచ్చినప్పుడు స్థిరమైన బట్‌ను మరో 16 మిల్లీమీటర్లు పొడిగించారు కూడా. చొక్కా మాత్రమే వేసుకున్న పొడగరికి అది బాగానే ఉంది. ఆ తర్వాత సిరామిక్ పలకలున్న రక్షణ కవచాలు వచ్చాయి. భుజానికీ బట్‌కూ మధ్య ఆ మందం చేరేసరికి రైఫిల్ చేతికి దూరమైంది. పొట్టివాళ్లకు, సైన్యంలో చేరుతున్న ఎందరో మహిళలకు ఆ కష్టం ఇంకా ఎక్కువ. మనిషి ఒడ్డూ పొడుగూ ఒక్క కొలతలో ఒదగవన్న సంగతిని ఆయుధాల తయారీదారులు ఇంత ఆలస్యంగా పట్టించుకోవడం విచారకరమే.

మార్పు మాత్రం గట్టిగానే వచ్చింది. జరిగే బట్ ఉన్న ఎం4ను అమెరికా 1994లో స్వీకరించింది. బట్ పూర్తిగా లోపలికి నెడితే దాని పొడవు 84 నుంచి 76 సెంటీమీటర్లకు దిగుతుంది. కెనడా తన సీ7 రైఫిల్‌ను సీ7ఏ2గా నవీకరించినప్పుడు బ్యారెల్ పొడవు ముట్టుకోకుండా, స్థిరమైన బట్ స్థానంలో జరిగే బట్‌ను పెట్టింది. 2015లో అమెరికా మెరైన్ దళం పదాతి సైనికులకు ఎం16ఏ4 బదులు ఎం4 ఇవ్వాలని నిర్ణయించింది.

మన సైన్యంలో స్థిరమైన బట్‌తో ఇన్సాస్ రైఫిల్ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. మడత బట్ రకాలూ కొన్ని ఉన్నాయి. 2021 డిసెంబరులో 6,01,427 ఏకే-203 రైఫిళ్లకు ఒప్పందం కుదిరింది. ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కొర్వాలో అవి తయారవుతున్నాయి. వాటి బట్ పక్కకు మడుచుకుంటుంది, పొడవూ సర్దుకుంటుంది. లద్దాఖ్ చలిలో దళసరి కోటు మీద కవచం తొడిగిన జవానుకూ, రాజస్థాన్ ఎండలో పలుచని చొక్కాతో కాపలా కాసే జవానుకూ ఒకే రైఫిల్ ఇచ్చి, కొలత ఎవరికి వారే సరిచూసుకోమనవచ్చు.