తడిసిన తోలుబూట్లు

భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికయు, 53 అడుగులకు మూడవదియు వెలువడుననుట ఆ ప్రాంతీయులకు కంఠస్థమే; 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు పొంగి, 2022 జులైలో మరల 71 అడుగులు దాటినది. అంతటి వరదలో ఇల్లువాకిళ్లు నానుచుండగా బూట్ల ప్రస్తావన చిన్నదే గాని, శ్రావణమేఘములు విడువక కురియు ఆ అరణ్యసీమలో వేలు వెచ్చించి కొన్న తోలుబూట్లు వరద రాకున్నను తడియుచునే యుండును.

తోలు నీటిచేత చెడుటకంటె, తడిసిన పిదప మనము చూపు తొందరచేత చెడుటయే హెచ్చు. తంగేడుచెక్క, కరక్కాయల వగరుతోనో, క్రోమియము లవణములతోనో పదునుచేసిన తోలునందు నారపోగుల నడుమ నూనె నిలిచి వానిని మెత్తగా కదలనిచ్చును. లోనికి జొచ్చిన నీరు ఆరునపుడు ఆ నూనెను, రంగును తనవెంట పైకి తెచ్చుటచే పోగులు ఒకదానికొకటి అంటుకొని బిరుసెక్కును. తడితోలు పొడితోలుకంటె తక్కువ వేడికే ముడుచుకొనును గనుక, పొయ్యి చెంతనో ఎండలోనో పెట్టినచో పగుళ్లు తప్పవు.

కావున బురదను తడిగుడ్డతో తుడిచి, లేసులు విప్పి, పాత వార్తాపత్రికలను ఉండలుచేసి లోన కూరి, అవి తడిసినకొలది మార్చుచు, నీడలో గాలికి పక్కకు వాల్చి యుంచవలెను. (పత్రికారచనకు ఇంతకంటె తక్షణప్రయోజనము అరుదు.) కొంతభాగమే తడిసి గీత ఏర్పడినచో, తక్కిన భాగమును సమముగా తడిపి ఆరనిచ్చిన అది చాలవరకు చెదరును. పూర్తిగా ఆరిన తరువాతనే తోలుక్రీము పలుచగా పట్టింపవలెను. మన చర్మకారులు కిర్రుచెప్పులకు ఆముదము రాయుట తోలుకు నూనె కావలెనను మర్మమెరిగియే గాని, మేలిబూట్లకు అది అధికమైనచో రంగు నల్లబడి పాలిషు నిలువదు. అలమరలో మూసిపెట్టిన జతకు బూజు పట్టినచో, దానిని ఇంటి వెలుపలనే బ్రష్షుతో దులుపుట మేలు. లేనిచో పక్క జతకును పాకును.