తాళపుచెవియు నిప్పురవ్వయు

మోటారు సైకిలు పుట్టిననాడు దానికి తాళపుచెవి లేదు. జర్మనీ దేశమున రాబర్ట్ బాష్ కర్మాగారమువారు 1897లో ఒక మూడుచక్రాల మోటారు బండికి మాగ్నెటోను అమర్చినది మొదలు, బ్యాటరీ తోడు లేకయే ఇంజను తన భ్రమణముచేతనే నిప్పురవ్వను పుట్టించుకొనుచుండెను. అట్టి యంత్రమును ఆపుటకు స్విచ్చి తీగను త్రెంచిన ప్రయోజనము లేదు. దానిని ఇంజను లోహమునకు తాకించి, ప్లగ్గునకు చేరవలసిన విద్యుత్తును ఎర్తుపాలు చేయవలెను. 1910 ప్రాంతమున అమెరికాలో ఛార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన బ్యాటరీ–కాయిల్ పద్ధతియం దిది తలక్రిందులయ్యెను: తీగ కలిసిననే రవ్వ, తెగినంతనే విరామము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో బండ్లు బాగుచేయు మెకానిక్కులు నేటికిని ఈ పరస్పర విరుద్ధములైన రెండు న్యాయములను ఎరిగియుండవలసినదే. మద్రాసున తయారైన కాంటాక్టు పాయింట్లుగల బుల్లెట్టు బండి రెండవ న్యాయమునకు చెందినది. 1985 మొదలు ఊరూర వ్యాపించిన హీరో హోండా బండ్లలో అనేకములు మొదటిదానికి చెందినవి. ఒకదాని స్విచ్చి వేరొకదానికి ఆలోచింపక తగిలించినచో, చెవి తీసి జేబులో వేసికొన్నను ఇంజను ఆగకుండుటయు, ఎవరు కిక్కు కొట్టినను బండి స్టార్టగుటయు సంభవించును.

తాళము పైభాగమున చెవిని గుర్తించు ఇత్తడి రేకులును, అడుగున స్ప్రింగు ఒత్తిడిచే అంటియుండు రాగి కాంటాక్టులును ఉండును. జమ్మలమడుగు పరిసరములందలి నాపరాతి గనుల ధూళి చెవి రంధ్రమున చేరి, నలువది డిగ్రీలు మించిన వేసవి యెండకు గ్రీజు గట్టిపడి, కాంటాక్టులు నల్లబడగా, విద్యుత్తునకు నిరోధము హెచ్చి, ఆ నిరోధముచేత వేడిమియు, ఆ వేడిమిచేత మరింత నలుపును కలుగును. అయినను దోషమంతయు తాళముదే యనుట న్యాయము కాదు. హ్యాండిలును ఒక వంకకు త్రిప్పినపుడు మాత్రమే బ్యాటరీ–కాయిల్ పద్ధతి బండి ఆగిపోవుచున్నచో, తీగ తొడుగులోపల రాగిపోగులు వంగి వంగి తెగినవని యెరుగవలెను. అట్టిచో క్రొత్త కీసెట్టు కొనుట ధనవ్యయమే.

ధూళికిని దొంగలకును వెరచి కొందరు స్విచ్చిని సీటు క్రిందికో ప్రక్క డబ్బాలోనికో మార్పించుకొనుచున్నారు. అనేక వాహనములలో హ్యాండిలును బంధించు కడ్డీ ఆ తాళముననే యిమిడియున్నది కావున, దొంగకు వెరచి చేసిన మార్పు దొంగకే ఉపకరించును! ఈ పనిని నేను మెచ్చను. తప్పనిసరియైనచో వేరొక హ్యాండిలు తాళమును అమర్పించి, చాలినంత లావుగల తీగలు వేయించి, రేకు రంధ్రములందు రబ్బరు వలయములు తొడిగించి, ఫ్యూజును బ్యాటరీ చెంతనే నిలుపవలెను.

చదువరులారా, క్రొత్త స్విచ్చి కొనుటకు ముందు పాతదాని కప్లరును విప్పించి, చెవిని త్రిప్పుచు ఏ తీగ దేనితో కలియుచున్నదో మీటరుతో చూపుమని మెకానిక్కును అడుగుడు. పని మొదలిడునపుడు బ్యాటరీ నెగటివ్ తీగను ముందుగా ఊడదీయింపుడు.