ముక్కు కొలత, కులం లెక్క

రిజర్వేషన్ల మీద చర్చ రాగానే 'ప్రతిభ జీన్స్‌లో ఉంటుంది, పరిణామంలో సమర్థులే పైకొచ్చారు' అనే మాట క్యాంపస్‌లలో తరచూ వినిపిస్తుంది. దానికి డార్విన్ పేరు తగిలిస్తారు. నిజానికి 'సమర్థుల మనుగడ' అన్న మాటను 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ పుట్టించాడు, డార్విన్ తర్వాత తీసుకున్నాడు. డార్విన్ లెక్కలో సమర్థత అంటే గొప్పతనం కాదు. ఒక పరిసరంలో బతికి సంతానాన్ని మిగల్చగలగడం, అంతే. భూమి, చదువు ఎవరి చేతిలో ఉండాలో అది చెప్పదు.

ఈ వాదన మన దేశంలో పాతదే. బ్రిటిష్ అధికారి హెర్బర్ట్ రిస్లీ బెంగాల్‌లో మనుషుల ముక్కులు కొలిపించి, ముక్కు ఎంత సన్నగా ఉంటే కులం అంత పైమెట్టు అని 1891లో తేల్చేశాడు. పదేళ్లకు ఆయనే జనాభా లెక్కల కమిషనర్. 1901 లెక్కల్లో కులాలను హోదా వరసలో పేర్చే పని పెట్టుకున్నాడు.

దీనికి అంబేద్కర్ ఇచ్చిన జవాబును విద్యార్థులు శ్రద్ధగా చదవాలి. పంజాబ్ బ్రాహ్మణుడికీ పంజాబ్ చమార్‌కీ జాతిపరంగా తేడా ఏముందని 1936లో 'కుల నిర్మూలన'లోనే అడిగారు. కులం మంచి సంతతిని తయారుచేసే ఏర్పాటే అయితే, ఈ దేశంలో అత్యధికులు సైన్యానికి పనికిరానంత బలహీనంగా ఎందుకున్నారనీ నిలదీశారు. 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో, ఘుర్యే ఇచ్చిన ముక్కు కొలతలనే తీసుకుని, ఒక ప్రాంతపు బ్రాహ్మణులూ అంటరానివారూ ఒకే జాతి అని చూపారు. ముక్కు ఆకారం మీద వాతావరణ ప్రభావం కూడా ఉంటుంది కాబట్టి ఆ కొలబద్దను మేము నమ్మం. మాకు నచ్చింది ఆయన పట్టు: వాళ్ల అంకెలే వాళ్ల సిద్ధాంతాన్ని నిలబెట్టలేదు.

అసలు కులాన్ని ప్రకృతి ఎంపిక అనడానికే వీల్లేదు. 1927లో మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగినందుకు దళితుల మీద దాడి చేశారు. ప్రకృతి నియమానికి కర్రలతో కాపలా ఎందుకు?

జన్యుశాస్త్రం కూడా కథను తిరగేసే చెబుతోంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఈ ఉపఖండంలో జనం విస్తృతంగా కలిశారు. తర్వాతే కులంలోపలి పెళ్లిళ్లు బిగుసుకున్నాయి. ఆంధ్ర వైశ్యుల జన్యువుల్లో రెండు మూడు వేల ఏళ్ల అంతర్వివాహాల జాడ కనిపించిందని అంతకుముందే, 2009లో, పరిశోధకులు రాశారు. అంటే జీన్స్ కులాన్ని పుట్టించలేదు. ఎవరు ఎవరిని పెళ్లాడాలో శాసించిన కులమే జీన్స్ మీద గీత గీసింది.